దసరా సెలవుల్లో వియత్నాం: హనోయ్‌కి వెళ్లండి, హోయాన్ వద్దు

దసరా సెలవులకి వియత్నాం ప్యాకేజీ మాట్లాడుకుంటున్నవాళ్లు ముందు ఒక పని చేయండి. అందులోంచి దేశం మధ్యలో ఉన్న దనాంగ్, హోయాన్ ఊళ్లు తీసేయించి, ఆ రోజులు ఉత్తరాన ఉన్న హనోయ్‌కీ నింబిన్‌కీ కలపమనండి. ట్రావెల్స్ వాళ్లు కుదరదంటే ఇంకో ట్రావెల్స్ చూసుకోండి. మేము తలకి 74,500 రూపాయలు కట్టి వెళ్లాం. అందులో సగం డబ్బు కిటికీలోంచి వాన చూడటానికే పోయింది.

అడక్కుండా బుక్ చేసుకున్నామా అంటే అదీ కాదు. అక్టోబర్‌లో అక్కడ వానలుంటాయా అని మా ఆయన ట్రావెల్స్ ఆఫీసుకి వెళ్లి మరీ అడిగారు. "వియత్నాంకి అక్టోబర్ సూపర్ సీజన్ సార్. ఎండా ఉండదు, చలీ ఉండదు, కళ్లు మూసుకుని వెళ్లండి" అన్నాడు ఆ అబ్బాయి. అతను చెప్పింది అబద్ధం కాదు, హనోయ్ విషయంలో అక్షరాలా నిజం. అందుకే నాకు ఎక్కువ కోపం. ఉత్తరాన ఒక ఊరికి వర్తించే మాటని దేశం మొత్తానికి అంటగట్టి అమ్మేశారు. పిల్లలకి స్కూలు సెలవులు అప్పుడే కాబట్టి మనం వస్తామని వాళ్లకి తెలుసు.

వీసా దగ్గరే మొదలైంది బాదుడు. వియత్నాం ఈ-వీసా సింగిల్ ఎంట్రీకి ప్రభుత్వ ఫీజు 25 డాలర్లు. అప్లికేషన్ ఆన్‌లైన్‌లో మనమే పెట్టుకోవచ్చు, ఫొటో, పాస్‌పోర్ట్ పేజీ స్కాన్ ఉంటే చాలు. మా దగ్గర ఒక్కొక్కరికి 4,200 తీసుకున్నారు.

హనోయ్ గురించి మాత్రం ఎంత చెప్పినా తక్కువే. పొద్దున పలచటి ఎండ, సాయంత్రం సన్నగా చల్లగాలి. హోన్ కియెమ్ చెరువు చుట్టూ అత్తయ్య ఎక్కడా కూర్చోకుండా నడిచారు, ఇక్కడ హైదరాబాద్‌లో పార్కులో ఒక రౌండుకే మోకాళ్లంటారు. రాత్రి హోటల్‌కి నడిచి వస్తుంటే ఒక వీధి మొత్తం ఘాటైన తీపి వాసన. అత్తయ్య ఆగి తల పైకెత్తి చూసి, "ఇది మన ఏడాకుల పాల చెట్టు కదే" అన్నారు. నిజంగా అదే చెట్టు. హనోయ్ వీధుల్లో వరసగా ఉంది, అక్టోబర్ వచ్చిందంటే పూస్తుందట. అక్కడివాళ్లకి శరత్కాలం అంటే ఆ వాసనే.

ఈ నెలల్లో బాగా దొరికే ఇంకోటి కోమ్. ఇంకా పాలు గట్టిపడని లేత వడ్లని వేయించి, దంచి, పొట్టు చెరిగి తీసే పచ్చటి అటుకులు. తామరాకులో పొట్లం కట్టి అమ్ముతారు. ఒక ముసలావిడ దగ్గర చిన్న పొట్లం 30 వేల డాంగ్‌లకి కొన్నాం, అంటే మన వంద రూపాయలు. (లెక్క సులువు: చివరి రెండు సున్నాలు తీసేసి మూడుతో భాగించండి.) ఆకు విప్పగానే లేత వరి వాసన వచ్చింది. పంచదార, కొబ్బరి ఏమీ అక్కర్లేదు, వేళ్లతో తీసుకుని మెల్లగా నమలడమే. అత్తయ్య తనకని ఇంకో పొట్లం కొనిపించుకున్నారు.

అత్తయ్య శాకాహారి. తిండి దగ్గర ఇబ్బంది పడతారని బయల్దేరే ముందు నుంచీ మాకు టెన్షనే. కానీ అక్కడ పౌర్ణమికీ, నెల మొదటి తిథికీ చాలామంది మాంసం ముట్టరు, కాబట్టి శాకాహార హోటళ్లు బాగానే ఉన్నాయి. బోర్డు మీద 'చాయ్' (chay) అని ఉంటే వెళ్లిపోవచ్చు, అది టీ కాదు, అక్కడ శాకాహారం అని అర్థం. హనోయ్ పాతబస్తీ ఓల్డ్ క్వార్టర్ దగ్గర ఒక సందులో 40 వేల డాంగ్‌లకి అన్నం, టోఫూ కూర, వేపిన ఆకుకూర, పలచటి చారు పెట్టారు. ప్యాకేజీలో ఉన్న 'ఇండియన్ డిన్నర్'లో చల్లారిన పనీరు కూర కన్నా అది ఎన్నో రెట్లు నయం. ప్యాకేజీలో ఇండియన్ డిన్నర్లు వద్దని చెప్పి ఆ డబ్బు తగ్గించుకోండి. హాలాంగ్ బే, నింబిన్ కూడా చక్కగా జరిగాయి.

తర్వాత దనాంగ్ ఫ్లైట్ ఎక్కాం. దిగేటప్పటికే కుండపోత.

మర్నాడు బా నా హిల్స్. రెండు పెద్ద చేతులు పట్టుకున్నట్టుండే గోల్డెన్ బ్రిడ్జ్ ఫొటోలు చూసే కదా అందరూ వెళ్లేది. 2018లో కట్టారు, సముద్రమట్టానికి దాదాపు 1,400 మీటర్ల ఎత్తు. మేము వెళ్లినప్పుడు టికెట్టు తలకి 9 లక్షల డాంగ్‌లు, అంటే 3,000 రూపాయలు. కేబుల్ కార్ ఎక్కిన కాసేపటికే మబ్బులో దూరాం, మళ్లీ బయటకి రాలేదు. బ్రిడ్జి మీద మా బాబు ఐదడుగుల దూరంలో నిలబడితే వాడి పసుపు రెయిన్‌కోటు ఒక్కటే కనిపిస్తోంది. చేతులు ఎక్కడున్నాయమ్మా అని అడుగుతూనే ఉన్నాడు. ఆకాశం తేటగా ఉన్న రోజుకి మార్చమని గైడ్‌ని ముందు రోజే బతిమాలాం. టికెట్లు ముందే తీసేశాం, మారవు అన్నాడు. మీరు ఎప్పుడు వెళ్లినా ఈ ఒక్క టికెట్టు ముందే తీయనివ్వకండి. పొద్దున లేచి కొండ వైపు చూసి అప్పుడు తీసుకోండి.

ఇక హోయాన్. యునెస్కో 1999లో గుర్తించిన పాత రేవు పట్టణం. పసుపు గోడలు, లాంతర్లు, పక్కనే థూ బాన్ నది. ఊళ్లో పాత ఇళ్లు చూడటానికి లక్షా 20 వేల డాంగ్‌ల టికెట్టు. తాన్ కీ ఇల్లని ఒకటుంది, నది వైపు గోడ మీద ఏ ఏడాది వరద ఎంతవరకు వచ్చిందో గీతలు గీసి పెట్టారు. 1964 గీత చూడాలంటే నేను తలెత్తాల్సి వచ్చింది. అత్తయ్య ఆ గోడ ముందు నిలబడి, "వీళ్లు గోడ మీదే రాసి పెట్టుకున్నారు, మనవాడు ఒక్క ముక్క చెప్పలేదే" అన్నారు.

ఆ రాత్రే నీళ్లు వచ్చాయి. మాకు ఇచ్చింది నది ఒడ్డున హోటల్‌లో కింది అంతస్తు గది. 'రివర్ వ్యూ' అని మొత్తం 5,400 అదనంగా కట్టించుకున్న గది. నీళ్లు గుమ్మంలోంచి రాలేదు. ముందు బాత్రూం జాలీలోంచి బుడగలు, తర్వాత మట్టిరంగు నీళ్లు పైకి పొంగాయి. చీరల బ్యాగు కింద పెట్టి ఉంది, అడుగు తడిసిపోయింది. రిసెప్షన్‌లో అమ్మాయి అప్పటికే తలుపు కొడుతోంది. ఆ హోటల్ వాళ్లని మాత్రం ఒక్క మాట అనను. ఒకమ్మాయి, ఇద్దరు కుర్రాళ్లు కలిసి మమ్మల్ని పై గదిలోకి మార్చి, ఫ్రిజ్‌ని బల్లల మీదకెక్కించి, స్కూటర్లు ఎత్తు రోడ్డు మీద పెట్టి వచ్చి, అత్తయ్యకి వేడి నీళ్లు తెచ్చిచ్చారు. ఏటా చేసే పనే కావడంతో ఎవరూ గొంతు కూడా పెంచలేదు. పై గదికి డబ్బులు అడగలేదు.

డబ్బులు అడిగింది మనవాళ్లే. పొద్దుటికి వీధిలో మోకాళ్ల పైకి నీళ్లు, పడవలు తిరుగుతున్నాయి. పడవ మనిషి మెరక రోడ్డు దాకా తలకి లక్ష డాంగ్‌లు తీసుకున్నాడు, అది న్యాయమే. అక్కణ్ణుంచి దనాంగ్ వెళ్లడానికి ప్యాకేజీ తాలూకు లోకల్ మనిషి కారు పంపిస్తూ, ఇది ప్లాన్‌లో లేదని 12 లక్షల డాంగ్‌లు పెట్టమన్నాడు. హైదరాబాద్‌కి ఫోన్ చేస్తే, "ప్రకృతి మన చేతుల్లో లేదు కదా మేడం" అని జవాబు. మా ఆయన అంత గట్టిగా అరవడం నేను పెళ్లయ్యాక ఎప్పుడూ చూడలేదు.

ప్రకృతి మన చేతుల్లో లేకపోవచ్చు, క్యాలెండర్ ఉంది కదా. నెల్లూరు వాళ్లకి ఇది చిటికెలో అర్థమవుతుంది. మా అత్తయ్య వాళ్లది నెల్లూరే. తెలంగాణలో నైరుతి వెనక్కి తగ్గాక అక్కడ ఈశాన్య రుతుపవనాలతో అసలు వానలు మొదలవుతాయి. మధ్య వియత్నాందీ అదే వరస. వేసవిలో నైరుతి గాలిని పడమటనున్న త్రుఓంగ్ సోన్ కొండలు ఆపేస్తాయి, దాంతో ఎండలు మండుతాయి. అక్టోబర్ నుంచి గాలి ఈశాన్యానికి తిరిగి, సముద్రం మీద తేమ పోగేసుకొచ్చి అవే కొండలకి కొడుతుంది. దనాంగ్‌లో ఒక్క అక్టోబర్‌లోనే సగటున దాదాపు 600 మిల్లీమీటర్లు పడుతుంది. హైదరాబాద్‌లో ఏడాదంతా కలిపితే 800 చుట్టుపక్కల. ప్యాకేజీలు అమ్మేవాళ్లకి ఇది తెలియదంటే నేను నమ్మను.

వచ్చాక కూర్చుని మన సెలవుల ప్రకారం చూసుకున్నాను. ఎందుకంటే ఏ దేశానికి ఏ నెల మంచిదన్న లెక్క మనకి పెద్దగా పనికిరాదు, పిల్లలున్న ఇంట్లో సంక్రాంతి, వేసవి, దసరా తప్ప వేరే నెలలే లేవు. సంక్రాంతికైతే థాయ్‌లాండ్‌లో ఫుకెట్, క్రాబీ, శ్రీలంక దక్షిణాన గాలే (Galle) ఊరి వైపు బీచ్‌లు, దక్షిణ వియత్నాంలో సైగాన్, ఫు క్వాక్ దీవి, ఇంకా దుబాయ్ అన్నీ బాగుంటాయి. అప్పుడు హనోయ్‌లో స్వెట్టర్లు కావాలి, ఆకాశం బూడిదరంగులో ఉంటుంది. థాయ్‌లాండ్‌లోనే కోహ్ సముయ్ దీవిలో మాత్రం డిసెంబర్ దాకా వానలే, జనవరి చివరికైతే ధైర్యంగా వెళ్లొచ్చు. వేసవి సెలవులు వచ్చేసరికి ఫుకెట్‌లో సముద్రం రేగుతుంది, బీచ్‌లో ఎర్రజెండాలు పెడతారు. అదే మే నెలలో థాయ్‌లాండ్‌కి రెండో పక్కనున్న సముయ్ నయం. శ్రీలంకలోనూ అంతే, మే, జూన్‌లో గాలే వైపు కాకుండా తూర్పు తీరంలోని త్రింకోమలీకి వెళ్లాలి. బాలి ఆ నెలల్లో పొడిగా, హాయిగా ఉంటుంది. జపాన్ చెర్రీ పూలు టోక్యోలో మన పిల్లల పరీక్షలప్పుడే పూసి రాలిపోతాయి. ఏప్రిల్ చివరి నుంచి మే మొదటి వారం దాకా అక్కడివాళ్లకే వరస సెలవులు, రైళ్లు కిటకిటలాడతాయి, హోటల్ రేట్లు పెరిగిపోతాయి. దనాంగ్, హోయాన్ చూడాలనుంటే మే బాగుంటుంది. ఎండ ఉంటుంది, మనకి అలవాటైన ఎండే. దసరాకి నా ఓటు హనోయ్, నింబిన్, లేదంటే బాలి.

డబ్బు సంగతి. చాలా మెయిల్స్ పెట్టాక రివర్ వ్యూ తాలూకు 5,400 వెనక్కి ఇచ్చారు. కారుకి పెట్టిన 12 లక్షల డాంగ్‌లు, బా నా టికెట్లు రాలేదు. "సీజన్ బాగుంటుంది" అని ఆఫీసులో నోటితో చెప్పిందంతా అప్పటికి గాలికి పోయింది. కాబట్టి బుకింగ్ డబ్బు కట్టే ముందు మెయిల్‌లో రాయించుకోండి: ఏ ఊళ్లో ఏ తేదీల్లో ఉంటాం, వానకి బోటు గానీ కేబుల్ కార్ గానీ ఆగితే తేదీ మారుస్తారా, హోటల్ ఖాళీ చేయాల్సి వస్తే కారు ఖర్చు ఎవరిది. నది పక్కన హోటలైతే కింది అంతస్తు వద్దని కూడా అందులోనే రాయండి.