ఎం.జి.బి.కి 350 మిల్లీమీటర్ల మోమో స్టీరింగ్: తొడలకు సుఖం, భుజాలకు పని

ముందే తేల్చి చెప్పాలంటే, జడ్చర్ల దగ్గర 44వ నంబరు హైవే ఎక్కి పెబ్బేరు దాకా ఆగకుండా పోయేవాళ్లకు, ఎం.జి.బి. కారుకు చిన్న స్టీరింగ్ చక్రం వేసే ఈ మార్పు బాగా పనికొస్తుంది. మహబూబ్‌నగర్ క్లాక్ టవర్ చుట్టుపక్కల రోజూ సందు చూసుకుని బండి ఇరికించేవాళ్లకు మాత్రం కొరివితో తల గోక్కున్నట్టే. హైవేలో సుఖపెట్టడానికీ ఊళ్లో కష్టపెట్టడానికీ కారణం ఒకటే: స్టీరింగ్ చక్రం చిన్నది కావడం.

బండి ఎం.జి.బి. 1962 నుంచి 1980 దాకా ఇంగ్లండులో తయారైన రెండు సీట్ల ఓపెన్ టాప్ కారు. 1798 సీసీ ఇంజన్, ర్యాక్ అండ్ పినియన్ (పళ్ల కడ్డీ, పళ్ల చక్రం) స్టీరింగ్, పవర్ సాయం లేదు. మొదటి కాలపు బండ్లకు కంపెనీ ఇచ్చిన చక్రం 16.5 అంగుళాలు, అంటే దాదాపు 419 మిల్లీమీటర్లు. తీగల్లాంటి పుల్లలు, సన్నటి రిమ్ము, చూడముచ్చటగా ఉంటుంది. కూర్చున్నాక తెలుస్తుంది సంగతి. సీటు నేలకు దగ్గర, కాళ్లు బారజాపాలి, చక్రం కింది అంచు తొడల మీదికి వస్తుంది. క్లచ్ నొక్కి కాలు వెనక్కి తీసిన ప్రతిసారీ తొడ రిమ్ముకు రాసుకుంటుంది. కాస్త ఒళ్లున్న మనిషైతే కూర్చోవడమే ఓ ఆసనం. పైగా రిమ్ము సన్నం కాబట్టి తెలియకుండానే గట్టిగా బిగించి పట్టుకుంటాం. రెండు గంటలు నడిపితే బొటనవేళ్ల మొదట్లో తిమ్మిరి పట్టేది అందుకే.

దాని స్థానంలో పెట్టి చూసింది మోమో ప్రోటోటిపో. 350 మి.మీ., మూడు ఆకులు, నల్ల తోలు. లెక్క సులువే. వ్యాసం 69 మి.మీ. తగ్గింది, అంటే కింద తొడ దగ్గర దాదాపు 35 మి.మీ. ఖాళీ దొరికింది. రెండు వేళ్ల వెడల్పు. కాగితం మీద చిన్నదే గానీ క్లచ్ మీద కాలు ఆడించేటప్పుడు అదే ప్రాణం. ఈ ఖాళీకి కట్టే మూల్యం ఏమిటంటే, అదే టైరును తిప్పడానికి రిమ్ము మీద పెట్టాల్సిన బలం దాదాపు 20 శాతం పెరుగుతుంది. 15 అంగుళాల చక్రమైతే 10 శాతంతో పోయేది, తొడ దగ్గర ఖాళీ కూడా సగమే వచ్చేది. 13 అంగుళాలది పెడతామనేవాళ్లు ఉంటారు. ఫొటోలకు బాగుంటుంది, నడిపే బండికి వద్దు.

అయితే చేతులకు దొరికిన సుఖంలో ఎక్కువ భాగం రిమ్ము లావుది. పాతది పట్టుకుంటే వేళ్ల కొసలు అరచేతిలో గుచ్చుకునేవి. దీన్ని పట్టుకుంటే పిడికిలి నిండుతుంది, వదులుగా పట్టినా జారదు. గతుకుల అదురు కూడా అరచేతి దాకా వచ్చేసరికి మెత్తబడుతుంది. ఇది ఒప్పుకుంటే ఇంకో మాటా ఒప్పుకోవాలి: చక్రం మార్చకుండా పాత రిమ్ముకే తోలు కుట్టిస్తే ఈ సుఖంలో చెప్పుకోదగ్గ వాటా దక్కుతుంది. దాని సంగతి కింద ఉంది.

కొనేటప్పుడు అందరూ చక్రాన్నే చూస్తారు. చూడాల్సింది బాస్ కిట్. చక్రాన్ని స్టీరింగ్ రాడ్డుకు కలిపే ఆ అల్యూమినియం ముక్క విడిగా కొనాలి. ఎం.జి.బి.లో రాడ్డు తల మీది పళ్లు తయారైన సంవత్సరాన్ని బట్టి మారాయి, కాబట్టి 'ఎం.జి.బి.కి కావాలి' అంటే చాలదు. ఛాసిస్ నంబరు చెప్పి తెప్పించుకోవాలి. తర్వాత బోల్టుల వలయం. మోమో, స్పార్కో, ఓ.ఎం.పి. చక్రాలకు ఆరు బెజ్జాలు, 70 మి.మీ. వ్యాసమున్న వలయం. నార్డి, పర్సనల్ చక్రాలకు కూడా ఆరే, కానీ 74 మి.మీ. ఒక్కో బెజ్జం రెండే మి.మీ. పక్కకు. ఆకురాయితో అటూ ఇటూ గీకితే సరిపోతుందనిపిస్తుంది. గీకినచోట స్క్రూ తల సరిగ్గా కూర్చోదు, చక్రం రోజూ కాస్త కాస్త కదులుతుంది, ఒకరోజు స్క్రూ తెగుతుంది. వలయం కలవకపోతే సరైన అడాప్టర్ రింగు వేయాలి, లేదంటే తిప్పి పంపేయాలి.

మూడోది బాస్ ఎత్తు. నడిపేవాడి నడుము నొప్పిని తేల్చేది ఇదే. బాస్ ఎత్తుకు చక్రం లోతు కలిపితే రిమ్ము ఎంత ముందుకొస్తుందో తెలుస్తుంది. పాతది విప్పకముందే డ్యాష్‌బోర్డు నుంచి రిమ్ము దాకా టేపుతో కొలిచి రాసుకోండి. సీట్లో వీపు పూర్తిగా ఆనించి చేయి చాపితే మణికట్టు రిమ్ము పైఅంచు మీద పడాలి. వేళ్లే పడితే చక్రం దూరం, మోచేయి దగ్గర పడితే మరీ దగ్గర. పరీక్షించిన బండిలో రిమ్ము పాతదాని కంటే 25 మి.మీ. ముందుకొచ్చింది. పొట్టి చేతులవాళ్లకు అది వరం. కానీ ఇండికేటర్ కాడ అంతే దూరం వెనకబడింది, రిమ్ము వదలకుండా వేలితో అందుకోవాలంటే చేయి కాస్త జరపాలి. అందుకే ఇంకా ముందుకు తెద్దామని స్పేసర్ (మధ్యలో వేసే మందపు బిళ్ల) మీద స్పేసర్ పేర్చకండి. ఈ బండిలో ఎయిర్‌బ్యాగ్ లేదు, హారన్ బటన్‌కూ రొమ్ముకూ మధ్య జానెడున్నర ఖాళీ ఉండి తీరాలి. ఎయిర్‌బ్యాగ్ ఉన్న కొత్త కార్ల చక్రం మార్చాలనుకునేవాళ్లకు ఇక్కడ చెప్పేదేదీ వర్తించదు, వాటి జోలికి పోవద్దు.

ఇక బిగింపు. సరంజామా ఉంటే గంటన్నర పని. ముందు బ్యాటరీ ఎర్త్ తీగ తీయాలి. ఈ బండిలో బ్యాటరీ బానెట్ కింద కాదు, సీట్ల వెనక ఉంటుంది. 1974 దాకా వచ్చిన బండ్లలో ఆరేసి వోల్టులవి రెండు. 1967కు ముందరివైతే పాజిటివ్ ఎర్త్ కూడా, అంటే బండి రేకుకు కలిసేది పాజిటివ్ తీగ. ఇది తెలియని ఎలక్ట్రీషియన్ అలవాటుగా నెగటివ్ తీయబోతే, పానా రేకుకు తగిలి షార్ట్ అయ్యే ప్రమాదం.

బండి ముందు చక్రాలు తిన్నగా పెట్టి, నడిబొడ్డు బిళ్లను చెక్క పుల్లతో లేపండి. స్క్రూడ్రైవరైతే గీత పడుతుంది. లోపల పెద్ద నట్టు కనిపిస్తుంది. ఇది అంగుళాల సైజు. మన షెడ్లలో ఉండేవి మిల్లీమీటర్ల పానాలు. దగ్గరి సైజు సాకెట్ ఒకటి పట్టినట్టే ఉంటుంది, బలం వేయగానే నట్టు మూలలు అరిగిపోతాయి. అంగుళాల సాకెట్ దొరికేదాకా ఆగడం మేలు. నట్టు వదులు చేయడానికి ముందు రాడ్డు తల మీదా చక్రం బొడ్డు మీదా ఒకే గీతలో పెయింట్ చుక్క పెట్టండి.

నట్టును పూర్తిగా తీయకూడదు. రెండు మూడు చుట్లు అలాగే ఉంచి, చక్రాన్ని రెండు చేతులతో కుడి ఎడమలు మార్చి మార్చి లాగాలి. పళ్లు ఒక్కసారిగా వదిలినప్పుడు ఆ నట్టే చక్రాన్ని ఆపుతుంది. అది లేకపోతే పద్నాలుగు పళ్లకు ఎసరు, స్టీరింగువి కాదు, నోట్లోవి. ఏళ్ల తరబడి విప్పని బండి కదలకపోతే తుప్పు నూనె చుక్కలు వేసి రాత్రంతా వదిలేయండి, తర్వాత పుల్లర్ (లాగి ఊడదీసే పనిముట్టు) వాడండి. "రెండు దెబ్బలేస్తే అదే ఊడొస్తదన్నా" అనే మిస్త్రీ చేతిలోంచి సుత్తె తీసేసుకోండి. కొన్ని మోడళ్లలో స్టీరింగ్ రాడ్డు ప్రమాదంలో ముడుచుకునేలా తయారైంది. తల మీద కొడితే ఆ ముడుచుకోవడం అప్పుడే మొదలవుతుంది. ముడుచుకోని పాత రాడ్డుకైనా దెబ్బ సూటిగా కింది బుష్‌లకూ ర్యాక్‌కూ తగులుతుంది.

కొత్త బాస్‌ను పెయింట్ గుర్తు చూసి కూర్చోబెట్టాలి. ఒక్క పన్ను పక్కకు పోయినా చక్రం వంకరగా నిలబడుతుంది. రాడ్డుకు 36 పళ్లుంటే ఒక్క పన్ను తేడా పది డిగ్రీలు. ఇండికేటర్ తనంతట తాను ఆఫ్ అయ్యే కొక్కెం కూడా బాస్‌తో కలిసే తిరుగుతుంది. అది సరైన చోట లేకపోతే ఎడమకు తిరిగాక ఆఫ్ అవుతుంది, కుడికి కాదు. పన్ను కంటే తక్కువ వంకర మిగిలితే టై రాడ్ల (ర్యాక్‌ను ముందు చక్రాలకు కలిపే కడ్డీల) దగ్గర సరిచేయాలి: ఒకటి ఎంత పొడవు పెంచితే రెండోది అంతే తగ్గించాలి, అప్పుడే టో-ఇన్ (ముందు చక్రాలు కాస్త లోపలికి తిరిగి ఉండే కొలత) మారదు. ఎం.జి.బి.కి అది అంగుళంలో పదహారో వంతు నుంచి 3/32 దాకా ఉండాలి. అలైన్‌మెంట్ షాపుకు పోతే ఈ అంకె చీటీ మీద రాసి ఇవ్వండి. వాళ్ల కంప్యూటర్లో ఈ బండి ఉండకపోవచ్చు.

నట్టు బిగించేటప్పుడు చక్రాన్ని మనిషి పట్టుకోవాలి, స్టీరింగ్ లాక్ మీద భారం వేస్తే లాక్ పిన్ను వంగుతుంది. బిగింపు బలం మీ సంవత్సరపు వర్క్‌షాప్ పుస్తకంలో ఎంతుంటే అంత. ఆరు చిన్న స్క్రూలు ఎం5 సైజు, మరల్లోకి నీలం రంగు థ్రెడ్‌లాక్ (స్క్రూ వదులు కాకుండా పట్టే జిగురు) ఒక చుక్క. ఎదురెదురుగా బిగించాలి. ఎలెన్ కీ పొట్టి చివర పట్టుకుని బిగిస్తే చాలు. పొడుగు చివర పట్టుకుంటే అల్యూమినియం మరలు లేచిపోతాయి. వంద కిలోమీటర్లు నడిచాక మళ్లీ ఒకసారి చూడండి.

హారన్ దగ్గరే ఎక్కువమంది తిప్పలు పడతారు. పాత ఎం.జి.బి.లో ఊదా రంగు తీగలో ఎప్పుడూ కరెంటు ఉండి హారన్‌కు పోతుంది, హారన్ నుంచి ఊదా-నలుపు తీగ స్టీరింగ్ దాకా వస్తుంది. బటన్ చేసే పనల్లా ఆ తీగను ఎర్త్ చేయడమే. కొత్త చక్రంలో ఆ ఎర్త్ బాస్ మీదుగా, రాడ్డు మీదుగా పోవాలి. బాస్‌కు నల్లరంగు పూత ఉంటే, గ్రీజు ఎక్కువ పూసి ఉంటే దారి మూసుకుపోతుంది. నొక్కితే ఒకసారి మోగుతుంది, ఒకసారి మోగదు. రెండు టెర్మినళ్లున్న బటన్ తీసుకుని, రెండోదాన్నుంచి పూత గీకిన చోటికి చిన్న ఎర్త్ తీగ వేస్తే ఆ గొడవ ఉండదు. ఇంకో రకం తప్పు, తీగ బాస్ కింద నలిగి, పైపొర తెగి లోహానికి తగలడం. అప్పుడు బ్యాటరీ కలపగానే హారన్ ఆగకుండా మోగుతుంది. మన రోడ్ల మీద మొదటి తప్పే ప్రమాదం. రైతు బజార్ ముందు హారన్ లేని బండి అంటే బ్రేకు సగం లేనట్టే.

రోడ్డు మీద ఎలా ఉందంటే, హైవేలో బ్రహ్మాండం. చక్రం ఒక కొస నుంచి రెండో కొస దాకా తిప్పితే సుమారు మూడు చుట్లు. పాత చక్రంతో చేతులు దాదాపు నాలుగు మీటర్లు ప్రయాణించేవి, ఇప్పుడు మూడుంబావు. లేన్ మారడానికి మణికట్టు తిప్పితే చాలు. మన్ననూరు దాటి శ్రీశైలం వైపు అడవి మలుపుల్లో ఈ చక్రం అసలు రుచి తెలుస్తుంది. బండి కదులుతుండగా బరువు పెరిగినట్టే ఉండదు. ఆగి ఉన్న బండిని తిప్పినప్పుడే ఆ 20 శాతం భుజం మీద పడుతుంది. నల్లగొండ గడియారం దగ్గర మూడుసార్లు ముందుకూ వెనక్కూ ఆడిస్తే చొక్కా తడుస్తుంది.

ఆ బరువంతా చక్రం పాపం కాదు. ఎం.జి.బి. ముందు చక్రాలు కింగ్‌పిన్‌ల (నిలువు ఇరుసుల) మీద తిరుగుతాయి, ఒక్కో పక్క గ్రీజు ఎక్కించే నిపుల్స్ మూడు. మూడు వేల మైళ్లకు, అంటే సుమారు 4,800 కిలోమీటర్లకు ఒకసారి గ్రీజు పెట్టాలని కంపెనీ మాట. జాకీ వేసి చక్రం నేలను వదిలించి, పాత నల్లటి గ్రీజు పోయి కొత్తది బయటికొచ్చేదాకా పంపు కొట్టాలి. బరువు నేల మీదుండగా కొడితే నొక్కుకున్న వైపుకు గ్రీజు పోదు. ఈ పని చేశాక కూడా బరువనిపిస్తే టైర్లు చూడండి. ఈ బండికి 165 వెడల్పు సరిపోతుంది. అందం కోసం 185 వేసి స్టీరింగ్ బరువని ఏడిస్తే లాభం లేదు.

ఇంకో లోపం: నిటారుగా కూర్చునే పొట్టివాళ్లకు రిమ్ము పైఅంచు స్పీడోమీటర్, టాకోమీటర్ డయళ్లకు అడ్డం వస్తుంది. సీటు కింద అర అంగుళం మెత్త వేస్తే తప్పుతుంది గానీ, గెలుచుకున్న తొడ ఖాళీలో కొంత పోతుంది.

పాలమూరు ఎండలో నల్ల తోలు పెనమే. టాప్ తీసి నిలిపితే పది నిమిషాల్లో చేయి పెట్టలేం, తువ్వాలు కప్పడం తప్పనిసరి. అయినా చెక్క రిమ్ముల కంటే ఇదే నయం. చెమట చేతికి చెక్క వార్నిష్ జారుతుంది, నాలుగు ఎండాకాలాలకు పగుళ్లు తేలతాయి. శుభ్రం చేయడానికి తడి గుడ్డ చాలు. నల్లగొండ బోరు నీళ్లు మాత్రం వాడొద్దు, ఆరాక కుట్ల వెంట తెల్లటి ఉప్పు చారలు పడతాయి. ఫిల్టర్ నీళ్లు వాడండి.

నకిలీలు ఉన్నాయి, చాలా ఉన్నాయి. ఆకు పలచగా ఉండి, రిమ్మును రెండు చేతులతో పట్టి వంచితే ఊగుతుంది. కుట్ల మధ్య దూరం ఒకచోట ఒకలా, ఇంకోచోట ఇంకోలా ఉంటుంది. ముందర పేరు మెరుస్తుంది, ఆకు వెనక అచ్చు గుర్తులేవీ ఉండవు. ధర నమ్మలేనంత తక్కువైతే నమ్మకపోవడమే తెలివి.

ఇప్పుడు తోలు కుట్టించే దారి. సీటు కవర్లు కుట్టే మంచి పనివాడు ఉంటే చాలు. 16.5 అంగుళాల రిమ్ము చుట్టుకొలత సుమారు 132 సెంటీమీటర్లు. 1.2 మి.మీ. మందం తోలు తీసుకుని, రిమ్ము లావు చుట్టుకొలత కంటే నాలుగైదు మి.మీ. తక్కువ వెడల్పుతో కోయాలి. సాగదీసి కుడితేనే బిగువు, సమానంగా కోస్తే నెలకే ముడతలు. మైనం పట్టించిన దారం, రెండు సూదులు, ఆరేడు మీటర్లు. కుట్టు లోపలివైపు, అంటే మనిషి అరచేయి తగలని వైపు రావాలి. లావు చాలకపోతే తోలు కింద పల్చటి ఫోమ్ ఒక పొర వేయొచ్చు, రెండు పొరలు వేస్తే రిమ్ము మీద తోలు మెలిక తిరుగుతుంది. చేతి తిమ్మిరి మాత్రమే బాధైతే ఇదే చేయించండి, హారన్ తీగ ముట్టుకునే పనే లేదు. తొడ ఇరుకు బాధైతే ఇది పనికిరాదు.

మార్చినవాళ్లు పాత చక్రాన్ని పారేయకండి, అమ్మకండి. బండి చేతులు మారేటప్పుడు కొనేవాడు మొదట అడిగేది అదే. నూలు గుడ్డ చుట్టి, ఇంట్లో చల్లటి గదిలో బల్ల మీద వెల్లకిలా పెట్టండి. రేకుల షెడ్డులో మేకుకు తగిలిస్తే రెండు వేసవులకే పుల్ల రిమ్మును కలిసే చోట సన్నటి చీలిక కనిపిస్తుంది.