సొంత మిస్టరీ నవలా? ఇతరుల కథలకు ఎడిటింగా?

విజయవాడలో రాతపని మీద బతకాలనుకునేవారు ముందు ఎడిటింగ్ పట్టుకోవడమే మంచిదని నా అభిప్రాయం. ప్రచురణకర్తలు, పుస్తకాల షాపులు ఏలూరు రోడ్డు చుట్టుపక్కలే ఉన్నాయి, వెళ్లి పని అడగొచ్చు. పేజీల లెక్కన డబ్బు ముందే మాట్లాడుకోవచ్చు. నవలకు రాయల్టీ మాత్రం పుస్తకాలు అమ్ముడయ్యాకే.

అయినా నవల మానొద్దు. ఆధారం పాఠకుడి కళ్లముందే పెట్టి, అతని దృష్టిని మాత్రం పక్కకు మళ్లించడం సొంతంగా రాస్తేనే వస్తుంది. అది వచ్చినవారే ఇంకొకరి మిస్టరీని సరిగ్గా దిద్దగలరు. నేను మొదట చూసేది టైమ్. హత్య రాత్రి 10 గంటలకు భవానీపురంలో జరిగితే, 9:55కి కిలోమీటర్ల దూరంలోని బెంజి సర్కిల్‌లో టీ తాగిన మనిషి హంతకుడెలా అవుతాడు? సొంత నవలలో ఇలాంటివి కంటికి ఆనవు. ఎడిటరైనా సరే, దాన్ని మరో ఎడిటర్‌కి ఇవ్వాల్సిందే.