అశోక్‌నగర్ హాస్టల్ గదిలో ఏడాదిన్నర నిద్ర యాప్‌లు వాడాక

గ్రూప్స్‌కి చదువుకోవడానికి సిద్దిపేట దగ్గర మా ఊరి నుంచి హైదరాబాద్ వచ్చి రెండున్నరేళ్లు దాటింది. అశోక్‌నగర్‌లో హాస్టల్, ముగ్గురు ఉండే గది. వచ్చిన మొదటి ఏడాదే నా నిద్ర పాడైంది. రాత్రి 11 గంటలకు స్టడీహాల్ నుంచి వచ్చి మంచం ఎక్కితే ఒంటిగంట దాటినా కన్ను మూతపడేది కాదు. ఎలాగో పట్టిందనుకునేలోపు మూడింటికి మెలకువ వచ్చేది. పొద్దున ఏడున్నరకు లేచినా తల దిమ్ముగా ఉండేది. పాలిటీ పుస్తకం తెరిస్తే ఒకే పేరా మూడుసార్లు చదివేదాన్ని. అప్పటికి నాకు 23 ఏళ్లు.

మా వీధిలో ఇలాంటివాళ్లు చాలామంది. రాత్రి పన్నెండింటికి చౌరస్తాలో టీ కొట్టు దగ్గర నిలబడేవాళ్లలో సగం మంది నిద్ర రాకే వస్తారు. అందరి చేతుల్లోనూ ఫోన్ ఉంటుంది, అందులో ఏదో ఒక నిద్ర యాప్ ఉంటుంది. అందుకే నేను వాడినవాటిలో ఏది పనికొచ్చిందో, ఏది నష్టం చేసిందో వివరంగా రాస్తున్నాను.

ముందు వాడింది నిద్రకు మార్కులు వేసే యాప్. పేరు రాయను. ఈ రకం యాప్‌లు చాలావరకు ఇలాగే పనిచేస్తాయి. ఫోన్‌ను దిండు పక్కన పెట్టుకోవాలి. అది మైకుతో శబ్దాలు వింటుంది, కదలికలు పసిగడుతుంది. తెల్లారేసరికి గాఢ నిద్ర ఇంత, తేలిక నిద్ర ఇంత అని గ్రాఫ్ గీసి, వందకి ఇన్ని మార్కులని చూపిస్తుంది. ఏడాది చందా కట్టేశాను. మొదటి పది రోజులు ఎంతో ఉత్సాహంగా ఉంది. ఆ తర్వాత పళ్లు తోముకోకముందే మార్కులు చూసుకోవడం అలవాటైపోయింది.

ఒకరోజు లేచేసరికి ఒళ్లు తేలిగ్గా, మనసు హాయిగా ఉంది. యాప్ తెరిస్తే 58. అంతే, ఆ రోజంతా నీరసం. గదిలో నా పక్క మంచం అమ్మాయిది ఖమ్మం. తనే పట్టేసింది. "బాగానే లేచావు కదే, ఆ ఫోన్ చూశాకే నీ మొహం మారింది" అంది. మాక్ టెస్ట్ ఉన్న రోజు 49 వచ్చింది. హాల్లో కూర్చుని ప్రశ్నలకు బదులు ఆ 49 గురించే ఆలోచించాను. రాత్రిళ్లు ఇంకో కొత్త టెన్షన్ మొదలైంది: ఇప్పుడు కదిలితే మార్కులు తగ్గుతాయేమో అని బిగదీసుకుని పడుకునేదాన్ని.

నాలుగు నెలలు పోయాక ఒక ఆదివారం అది రికార్డు చేసిన శబ్దాలన్నీ ఇయర్‌ఫోన్ పెట్టుకుని విన్నాను. గురక అని రాసిన చోట వినిపించింది మా సీలింగ్ ఫ్యాన్ కిర్రుమనే చప్పుడు. రెండున్నర దగ్గర ఒక గొంతు, నిద్రలోనే "ఆర్టికల్ ముప్పై రెండు... ముప్పై రెండు..." అంటోంది. ఖమ్మం అమ్మాయిది. పాపం, నిద్రలో కూడా చదువుతూనే ఉంది. మా రెండు మంచాలూ ఆనుకుని ఉంటాయి కాబట్టి తను అటూఇటూ దొర్లినదంతా నా లెక్కలోనే పడింది.

ఆ తర్వాతే దీని గురించి శ్రద్ధగా చదివాను. నిద్రలో ఏ దశలో ఉన్నామో సరిగ్గా తేల్చాలంటే ల్యాబ్‌లో తలకు, కళ్ల పక్కన, గడ్డం కింద తీగలు అతికించి మెదడు తరంగాలు, కంటి కదలికలు, కండరాల బిగువు కలిపి చూడాలి. దాన్ని పాలీసోమ్నోగ్రఫీ అంటారు. పరుపు మీద పెట్టిన ఫోన్‌కు మెదడు తరంగాలు ఎక్కడ అందుతాయి? చప్పుడును, కదలికను బట్టి అంచనా వేస్తుందంతే. మనం మెలకువగా ఉండి కదలకుండా పడుకుంటే అది నిద్ర కింద రాసుకునే వీలుంది. ఈ మార్కుల మీద బెంగతోనే నిద్ర ఇంకా చెడేవాళ్లను చూసి, 2017లో అమెరికా పరిశోధకులు దానికి ఆర్థోసోమ్నియా అని పేరు కూడా పెట్టారు. ఆ మాట చదివిన రోజే యాప్ తీసేశాను. చందా డబ్బులు పోయాయి. ఇంట్లోవాళ్లు పంపిన డబ్బులు కాబట్టి బాధేసింది.

వాన చప్పుడు, వేణువు, కథలు వినిపించే యాప్‌లూ ఉన్నాయి. వాటి గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. వాన చప్పుడు వింటుంటే బయటి హారన్లు కొంచెం వినపడకుండా పోతాయి, ఆ మేరకు మేలు. నేను వాడిన ఉచిత యాప్‌లో కన్ను మూతపడుతుండగా పెద్ద గొంతుతో ప్రకటన వచ్చి గుండె ఝల్లుమంది. మెడికల్ షాపులో దొరికే చెవుల్లో పెట్టుకునే దూదిలాంటి ప్లగ్‌లు వాటికన్నా బాగా పనిచేశాయి.

అసలు మార్పు తెచ్చింది ఇన్‌సోమ్నియా కోచ్ అనే యాప్. అమెరికాలో మాజీ సైనికుల సంక్షేమం చూసే ప్రభుత్వ శాఖ తయారుచేసింది. వాళ్ల కోసం చేసినా ఎవరైనా వాడుకోవచ్చు. డబ్బులు కట్టక్కర్లేదు, ప్రకటనలు లేవు. ఐదు వారాల ప్రణాళిక ఉంటుంది. తెలుగులో లేదు, అన్నీ ఇంగ్లిష్‌లోనే. పదో తరగతి స్థాయి ఇంగ్లిష్ వస్తే అర్థమవుతుంది కానీ, మా ఊళ్లో మా పిన్నికి ఇచ్చి వాడమనలేను.

ఇది దిండు పక్కన కూర్చుని మనల్ని కొలవదు. పొద్దున లేచాక మనమే డైరీ నింపాలి: ఎన్నింటికి పడుకున్నాను, సుమారు ఎంతసేపటికి నిద్ర పట్టింది, రాత్రి ఎన్నిసార్లు లేచాను, పొద్దున ఎన్నింటికి లేచాను. సరిగ్గా నిమిషాలతో రాయాల్సిన పనిలేదు, ఉజ్జాయింపు చాలు. రెండు నిమిషాల పని. దీని వెనకున్న వైద్య పద్ధతిని సీబీటీ-ఐ అంటారు. నిద్రకు సంబంధించిన అలవాట్లను, ఆలోచనలను మార్చే చికిత్స అది. పెద్దవాళ్లలో దీర్ఘకాలంగా ఉన్న నిద్రలేమికి మాత్రల కంటే ముందు దీన్నే ఇవ్వాలని 2016లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ సిఫారసు చేసింది.

వారం డైరీ చూసుకుంటే నా రోగం నాకే కనిపించింది. 11 నుంచి ఏడున్నర దాకా మంచం మీద ఎనిమిదిన్నర గంటలు ఉంటున్నాను. నిద్రపోతున్నది అయిదు గంటల నలభై నిమిషాలు. అంటే మంచం మీద గడిపిన కాలంలో నిద్ర దాదాపు 67 శాతమే. ఈ చికిత్సలో 85 శాతం దాటడాన్ని లక్ష్యంగా పెట్టుకుంటారు. దానికి చెప్పే మందు వింటే మొదట భయమేసింది: మంచం మీద ఉండే సమయాన్నే తగ్గించాలి. నేను రాత్రి పన్నెండున్నర నుంచి పొద్దున ఆరున్నర దాకా అని పెట్టుకున్నాను. అంతకుముందు నిద్ర రాకపోయినా మంచం ఎక్కేసేదాన్ని. ఇప్పుడు నిద్ర ముంచుకొస్తున్నా పన్నెండున్నర దాకా ఎక్కకూడదు. ఏమైనా సరే ఆరున్నరకు లేవాలి.

రెండో నియమం హాస్టల్లో ఉండేవాళ్లకు నిజంగా కష్టం. మంచం నిద్రకే వాడాలి. మాకు మంచం తప్ప ఇంకేముంది? దాని మీదే చదువు, దాని మీదే టిఫిన్, ఉతికిన బట్టలు మడతపెట్టేదీ దాని మీదే. ఇంటికి ఫోన్ చేసేదీ అక్కడ కూర్చునే. నేనేం చేశానంటే, లేవగానే పరుపు చుట్టి గోడకు ఆనించేదాన్ని. పగలు గదిలో ఉంటే కింద చాప మీదే కూర్చునేదాన్ని. పరుపు పరిస్తే పడుకునే వేళ అయినట్టు. ఇది యాప్‌లో లేదు, మా ఊళ్లో నానమ్మ చేసే పనే.

ఇరవై నిమిషాలైనా నిద్ర పట్టలేదనిపిస్తే మంచం దిగిపోవాలి. గడియారం చూడకూడదు. దిగి ఎక్కడికి పోవాలి? వరండాలో జీరో బల్బు కింద ప్లాస్టిక్ స్టూలు వేసుకుని ఎవరో వదిలేసిన పాత వారపత్రిక చదివేదాన్ని. ఒకరాత్రి హాస్టల్ ఆంటీ నీళ్లకు లేచి నన్ను చూసి హడలిపోయింది. "ఏమ్మా, ఇంట్లో ఏమన్నా అయిందా?" అని పక్కన కూర్చుంది. విషయం చెప్తే తల నిమిరి, "నిద్రొస్తే వెళ్లి పడుకో, నేను లైటు తీసేస్తాలే" అంది. ఆ రాత్రి వెళ్లగానే పట్టింది.

రెండో వారం నరకం. మధ్యాహ్నం మూడింటికి స్టడీహాల్లో తల టేబుల్‌కు కొట్టుకునేది. ఆ రోజుల్లో నేను ఖమ్మం అమ్మాయి స్కూటీని ముట్టుకోలేదు. మీరూ ఆ పది పదిహేను రోజులు బండి నడపకండి. మూర్ఛలు, బైపోలార్ (మనసు కొన్నాళ్లు మరీ ఉత్సాహంగా, కొన్నాళ్లు మరీ దిగులుగా మారే జబ్బు) ఉన్నవాళ్లు ఈ పద్ధతిని సొంతంగా మొదలుపెట్టకూడదు, డాక్టర్‌ను అడగాలి. మూడో వారం నుంచి పడుకున్న పది, పదిహేను నిమిషాల్లో నిద్ర పట్టడం మొదలైంది. మంచం మీద ఆరు గంటల్లో అయిదు గంటల ఇరవై నిమిషాలు నిద్ర, అంటే దాదాపు 89 శాతం. 85 దాటిన వారమల్లా పడుకునే టైమును పావుగంట ముందుకు జరుపుకుంటూ వచ్చాను. ఇప్పుడు 11 నుంచి ఆరున్నర. అందులో సుమారు ఏడు గంటలు ఒళ్లు తెలియని నిద్ర. మా వయసువాళ్లకు 7 నుంచి 9 గంటలు కావాలంటారు, కింది గీత దగ్గరకు వచ్చాను.

డైరీ పట్టించిన ఇంకో దొంగ టీ. రాత్రి తొమ్మిదింటికి చౌరస్తాలో తాగిన రోజులన్నీ వరుసగా చెడ్డ రాత్రులే. కెఫీన్ ఒంట్లో సగం తగ్గడానికే అయిదారు గంటలు పడుతుందట. ఇప్పుడు ఆఖరి టీ సాయంత్రం నాలుగింటికి. రాత్రి అందరితో పాటు వెళ్తాను, బాదం పాలు తాగుతాను. వెళ్లడం మానేయలేదు, ఆ కబుర్లు లేకపోతే ఈ చదువు ఈడ్చలేం. వినాయక నవరాత్రుల్లో డప్పులకు నాలుగు రాత్రులు మళ్లీ పోయాయి. అయినా ఆరున్నరకే లేచి ఇందిరా పార్కుకు నడిచాను. పొద్దుటి వెలుగు కళ్లలో పడితే ఒంట్లో గడియారం సర్దుకుంటుంది. మూడు రోజుల్లో దారిలో పడ్డాను.

ఫోన్‌లో ముందే ఉండే బెడ్‌టైమ్ మోడ్ కూడా వాడుతున్నాను. పదింటికల్లా స్క్రీన్ నలుపు తెలుపు అయిపోతుంది. రంగులు పోయాక రీల్స్ చూడబుద్ధి కాదు. స్లీప్ యాజ్ ఆండ్రాయిడ్ అనే యాప్‌లో లెక్కలు చేస్తేనే ఆగే అలారం ఉంది. ఫోన్ గదికి అవతల అల్మారా మీద ఉంటుంది, లేచి నడవాల్సిందే. నెల రోజులకు ఆ లెక్కల అవసరం కూడా తీరిపోయింది.

యాప్‌తో తీరనివీ ఉన్నాయి. పెద్దగా గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగినట్టయ్యేవాళ్లు, ఎంత పడుకున్నా పగలు తూగేవాళ్లు డాక్టర్ దగ్గరికే వెళ్లాలి. మా స్టడీహాల్లో ఒకమ్మాయికి నిద్రలేమి వెనక అసలు బాధ వేరే ఉంది, బతకాలనే లేదంది. తనతో కూర్చుని మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేయించాను. ప్రభుత్వానిది, ఉచితం, రాత్రి ఏ టైమైనా పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడారు.

ఇక మా తమ్ముడు. 17 ఏళ్లు, ఊరి చివర ఒక రెసిడెన్షియల్ కాలేజీలో ఇంటర్ ఎంపీసీ. అక్కడ ఫోన్లు ఉండవు కాబట్టి యాప్ ప్రశ్నే లేదు. ఉన్నా ఏం చేస్తుంది? వాడి నిద్ర టైమ్‌టేబుల్‌లోనే లేదు. ఒక ఆదివారం ఔటింగ్‌కి ఇంటికి వెళ్లాడు. బాపు ఫోన్ చేసిండు. "ఏం బిడ్డా, పది గొట్టినా వీడు లేస్తలేడు. గింత మొద్దు నిద్రేంది?"

"లేపకు బాపూ, పండుకోనీ. వారం రోజుల నిద్ర బాకీ ఉన్నది వానికి."

13 నుంచి 18 ఏళ్ల పిల్లలకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2016లోనే చెప్పింది. పైగా ఆ వయసులో నిద్ర తెచ్చే మెలటోనిన్ ఒంట్లో ఆలస్యంగా ఊరుతుంది. పదింటికి పడుకోమన్నా నిద్ర రాదు, ఐదింటికి లేపితే లేవలేరు. అది బద్ధకం కాదని బాపుకు చెప్పాను. నమ్మినట్టు అనిపించలేదు.

తర్వాతి ఔటింగ్‌కు లాంగ్ నోట్‌బుక్‌లో యాప్ డైరీ గళ్లే స్కేలుతో గీసి ఇచ్చాను. నెల తర్వాత నింపుకుని తెచ్చాడు. పేజీ పొడవునా ఒకటే వరుస: పడుకున్నది 11, లేపింది 4.45. రెండు చోట్ల పక్కన చిన్న అక్షరాలతో "ఫిజిక్స్ క్లాసులో పడిపోయాను" అని ఉంది. బాపు ఆ గళ్ల మీద వేలు పెట్టి ఒక్కొక్క రోజూ లెక్కబెట్టాడు. ఏమీ అనలేదు. ఆ నోట్‌బుక్ సంచిలో పెట్టుకుని పేరెంట్స్ మీటింగ్‌కు వెళ్లాడు. ఆదివారాలు ఆరున్నర దాకా పడుకోనిస్తామన్నారట. మిగతా ఆరు రోజుల సంగతి వచ్చే మీటింగ్‌లో మళ్లీ అడుగుతానని, అప్పటిదాకా గళ్లు నింపడం ఆపొద్దని తమ్ముడికి చెప్పమన్నాడు. నిన్న ఇంకో నోట్‌బుక్ కొన్నాను.