సుడిదోమకు వేప కషాయమా, డబ్బా మందా?

వరి దుబ్బును చేత్తో పాయదీసి, మొదట్లో గట్టిగా తట్టి చూడండి. గోధుమరంగు పురుగులు నీళ్లలో రాలితే అది సుడిదోమ. వాటి మధ్య పచ్చగా, చురుగ్గా తిరిగేది మిరిడ్ నల్లి. దోమ గుడ్లే దాని ముఖ్యమైన తిండి.

ఆ నల్లికి దారి చూపేది చాలావరకు వరే. దోమ రసం పీలుస్తుంటే మొక్క కొన్ని వాసనలు ఎక్కువగా వదులుతుంది. వాటిలో లినలూల్ ఒకటి. మన ధనియాల ఘుమఘుమ చాలావరకు దానిదే. లినలూల్ తగ్గించిన వరిని చైనాలో పొలంలో పెట్టి చూస్తే మిత్రపురుగులు తగ్గాయి, దోమ పెరిగింది. అందుకే మందు కొనేటప్పుడు వరి వాసనతో పంపే ఈ పిలుపు సంగతీ చూడాలంటాను.

వేపలోని అజాడిరక్టిన్ దోమకు తిండి మీద విరక్తి పుట్టిస్తుంది, పిల్ల పురుగుల కుబుసం చెడగొడుతుంది. పెద్ద దోమను వెంటనే చంపదు. ఇక్కడో మెలిక ఉంది: పీల్చడం తగ్గితే వరి పిలుపూ తగ్గవచ్చు. పైగా వేపకు సొంత ఘాటు ఉండనే ఉంది. అయినా నాకది పెద్ద నష్టంగా తోచదు. పిలుపు మెత్తబడినా సాలీళ్లు, నల్లులు చాలావరకు పొలంలోనే ఉంటాయి కదా! 5 కిలోల వేపగింజల పొడిని రాత్రంతా నానబెట్టి, వడకట్టి, 100 లీటర్లు చేసుకోవాలి. ఎండకు దాని పవరు పోతుంది కాబట్టి సాయంత్రమే కొట్టాలి, అదీ దుబ్బు మొదట్లోకి. పై ఆకులు తడిపితే కూలి దండగ.

సింథటిక్ పైరెత్రాయిడ్ల (సైపర్‌మెత్రిన్ లాంటి మందుల) జోలికి మాత్రం వెళ్లొద్దు. మిత్రపురుగులు పోతాయి, దోమ రెట్టింపై తిరగబెడుతుంది. వరి ఎంత పిలిచినా వచ్చే నాథుడుండడు. ఇమిడాక్లోప్రిడ్ అనే మరో డబ్బా మందుకు ఆసియాలో చాలాచోట్ల దోమ ఎప్పుడో అలవాటు పడింది, సరిగా చావదు.

డబ్బా మందులన్నీ ఒకటే అననులెండి. బుప్రొఫెజిన్ దోమ పిల్లలనే పట్టుకుంటుంది, నల్లులకూ సాలీళ్లకూ హాని తక్కువ.

నా లెక్కయితే ఇది: దుబ్బుకు ఐదారు దోమలుంటే నీళ్లు తీసేసి వేప కషాయం. 10-15 దాటితే వేప మీద మొండిపట్టు పట్టను, లీటరు నీటికి 1.6 మి.లీ. బుప్రొఫెజిన్ కొడతాను. దోమ కొద్దిగానే ఉండి నల్లులు ఎక్కువగా కనిపిస్తే ఏదీ కలపను. మూడు రోజులాగి మళ్లీ దుబ్బు తట్టి చూస్తాను.