14 నెలలు వాడాక రాస్తున్నా: వాక్యూమ్ బ్యాగులు, కంప్రెషన్ క్యూబ్‌లు, అడాప్టర్, లగేజీ స్కేల్

ఆఫీసు పని మీద 14 నెలలు విదేశంలో ఉండి పోయిన నెలే తిరిగొచ్చాను. వెళ్లేముందు వాక్యూమ్ బ్యాగుల సెట్, ఆరు కంప్రెషన్ క్యూబ్‌లు (బట్టలు పెట్టి జిప్పుతో అణిచి మూసే చిన్న గుడ్డ సంచులు), ఒక యూనివర్సల్ అడాప్టర్ కొన్నాను. కొన్న వారంలో రాసిన రివ్యూలు చదివి కొన్నవే అన్నీ, అందుకే నేను మాత్రం ఇన్నాళ్లు ఆగి రాస్తున్నాను.

వాక్యూమ్ బ్యాగులు మళ్లీ కొనను. గాలి తీసేస్తే లావు జాకెట్లు కూడా పలకల్లా అయిపోతాయి, సూట్‌కేసు సగం ఖాళీగా కనిపిస్తుంది, ఆ ఖాళీ చూసి నేను ఇంకో నాలుగు జతలు, రెండు జతల బూట్లు కుక్కాను. తగ్గేది చోటే కానీ బరువు కాదు కదా! నా టికెట్ మీద బ్యాగుకి 23 కిలోలు, నాది 27 తూగింది. చెకిన్ కౌంటర్ పక్కన నేల మీద సూట్‌కేసు తెరిచి బట్టలు తీస్తుంటే వెనక లైను పెరుగుతోంది, ఆ టెన్షన్ ఇంకా గుర్తుంది. పైగా మూడోసారి వాడేసరికి రెండు బ్యాగుల్లో వాల్వు దగ్గర గాలి దూరడం మొదలైంది, ఆఫీసు చొక్కాలకి పడ్డ ముడతలు ఇస్త్రీకి కూడా ఒక పట్టాన పోలేదు.

క్యూబ్‌లు మాత్రం బాగా ఉపయోగపడ్డాయి. ఒకదానికి జిప్పు పోయింది, మిగతా ఐదూ బాగానే ఉన్నాయి. రెండుసార్లు ఇల్లు మారాను, రెండుసార్లూ సర్దడం అరగంటలో అయిపోయింది. ఒక క్యూబ్‌లో నాలుగు రోజుల బట్టలు పెట్టి క్యాబిన్ బ్యాగులో వేసుకోండి. నా పెద్ద బ్యాగు రెండు రోజులు ఆలస్యంగా వచ్చింది, వెళ్లిన మర్నాడే మీటింగ్, ఆ క్యూబే కాపాడింది.

అడాప్టర్ పిన్నుల ఆకారం మారుస్తుంది, వోల్టేజీ మార్చదు. ఛార్జర్ మీద 100-240 వోల్టులు అని ఉంటే భయం లేదు. నా హెయిర్ డ్రయ్యర్ 220-240దే, అక్కడ 120 వోల్టుల కరెంటు, దాంట్లోంచి నీరసంగా గాలి వచ్చేది అంతే, చివరికి అక్కడే వేరేది కొన్నాను. ల్యాప్‌టాప్ ఛార్జర్‌కి ఊడే కేబుల్ ఉంటే అక్కడి పిన్నున్న కేబుల్ ఒకటి కొనుక్కోండి, రోజూ వాడే చోట అడాప్టర్ వదులై ఊగిపోతుంటుంది. పవర్ బ్యాంకు క్యాబిన్ బ్యాగులోనే పెట్టాలి, చెకిన్‌లో వేయకూడదు.

అసలు మొదటే కొనాల్సింది లగేజీ స్కేల్. వెళ్లిన నెలకి కొన్నాను, అరచేతిలో పట్టేంత చిన్నది. హ్యాండిల్ మధ్యలో తగిలించి, అంకె నిలిచేదాకా కదపకుండా ఎత్తి పట్టుకోవాలి. ఎయిర్‌పోర్టు కాటాకీ దీనికీ 300 గ్రాములు తేడా వచ్చింది, కాబట్టి అర కిలో తక్కువగానే సర్దుకోండి. తిరుగు ప్రయాణంలో కౌంటర్ దగ్గర నా బ్యాగు 22.4 తూగింది, సూట్‌కేసు తెరవాల్సిన పనే పడలేదు.