హాగ్‌నోజ్ పాము: డల్లాస్‌లో సరే, దేవరకొండలో ఏది మేలు?

మా అక్క కొడుకు డల్లాస్‌లో ఉంటాడు. పోయిన దసరాకు వీడియో కాల్ చేసి, చేతిలో ఒక చిన్న పామును పట్టుకొని చూపించాడు. అది మెడ వెడల్పు చేసి గట్టిగా బుస కొట్టింది. ముట్టెతో వాడి వేలిని రెండుసార్లు పొడిచింది, నోరు మాత్రం తెరవలేదు. "భయపడకు మామా, ఇది హాగ్‌నోజ్. దీనికి విషమే లేదు, ఉత్తగనే యాక్టింగ్ చేస్తది" అన్నాడు. పక్కనే కూర్చున్న మా చిన్నోడు ఆ మాట పట్టుకున్నాడు. వాడు ఇంటర్ చదువుతున్నాడు. వారం తిరగకముందే ఫోన్‌లో ఎవరో అమ్మేవాడిని వెతికి, "నాయినా, హైదరాబాద్ నుంచి ఇంటికే పంపుతరట" అన్నాడు. కాగితాలు ఉంటాయా అని అడిగిస్తే అవతలి నుంచి జవాబు రాలేదు.

ఒద్దు అని ఒక్క మాటలో తేల్చేస్తే వాడు నాకు చెప్పకుండా తెచ్చుకుంటాడేమో అని టెన్షన్ పట్టుకుంది. అందుకే ఇద్దరం కూర్చొని లెక్క వేసుకున్నాం. మా ముందున్న దారులు మూడు. హాగ్‌నోజ్ తెచ్చుకోవడం ఒకటి. మన దగ్గర దొరికే సాండ్ బోవా లాంటి సాధు పామును పెంచుకోవడం ఇంకొకటి. ఏదీ పెంచకుండా, బత్తాయి తోటలో ఉన్న జెర్రిపోతును దాని మానాన బతకనివ్వడం మూడోది.

హాగ్‌నోజ్ సంగతి ముందు చెప్తాను. పేరుకు తగ్గట్టే దాని ముక్కు పంది ముట్టెలా పైకి తిరిగి ఉంటుంది. దాంతో ఇసుకను, వదులు మట్టిని తవ్వుకుంటుంది. ఇది ఉత్తర అమెరికా పాము. అందులో తూర్పు రకం, పడమటి రకం అని రెండు ముఖ్యమైనవి. దక్షిణ రకం అని చిన్నది ఇంకొకటి ఉంది కానీ, దాని సంఖ్య బాగా తగ్గిపోయింది. అది పెంపకం దాకా రావాల్సినది కాదు.

తూర్పు, పడమటి రకాలను రంగు చూసి పోల్చలేం. తూర్పు దానిలో పసుపు, నారింజ, బూడిద రంగు, ఒంటిమీద మచ్చే లేని నిండు నలుపు కూడా ఉంటాయి. గుర్తు పట్టాలంటే రెండు చోట్ల చూడాలి. ముట్టె పారలా బాగా వాడిగా పైకి లేస్తే పడమటిది, కొద్దిగా మాత్రమే లేస్తే తూర్పుది. తర్వాత పొట్ట కింద చూడాలి. పడమటి దాని పొట్ట, తోక అడుగు భాగం ఎక్కువగా నల్లగా ఉండి, మధ్యలో పసుపో తెలుపో మచ్చలు కనిపిస్తాయి. తూర్పు దానికి తోక అడుగు భాగం పొట్ట కన్నా లేత రంగులో ఉంటుంది. మా అల్లుడు గాజు పెట్టె అడుగు నుంచి ఫోటో తీసి పంపితే, పడమటిదే అని మా చిన్నోడే చెప్పాడు.

పెంచడానికి వస్తే ఈ రెండింటిలో పడమటిదే మేలు. కారణం తిండి. తూర్పు హాగ్‌నోజ్ ఎక్కువగా బతికేది గోండ్రు కప్పల మీదే. ఆ కప్పల ఒంట్లో ఉండే విషం దానికి ఎక్కదు. కప్ప గాలి పీల్చి ఉబ్బితే, నోట్లో వెనకవైపున ఉన్న పొడుగు పళ్లతో పొడిచి మింగుతుంది. అట్లాంటి పాముకు ఎలుక పిల్లను పెడితే చాలాసార్లు ముట్టదు. పడమటిది బయట కప్పలు, బల్లులు, గుడ్లు, చిన్న ఎలుకలు అన్నీ తింటుంది కాబట్టి, గడ్డకట్టించి నిలవ ఉంచిన ఎలుక పిల్లలను కరిగించి పెట్టినా అలవాటు పడుతుంది. అది కూడా అంత సులువేం కాదు. కొన్ని పిల్లలు మొదట్లో మొండికేస్తాయి. అప్పుడు ఎలుకకు ట్యూనా చేప నీళ్ల వాసన పట్టించి ఇస్తారు. మగవి చలికాలంలో నెలల తరబడి తినడం మానేయొచ్చు.

మగది రెండడుగుల లోపే ఆగుతుంది. ఆడది మూడడుగుల దాకా పెరగొచ్చు. మూడడుగుల పొడవున్న పెట్టె, అడుగున తవ్వుకోవడానికి నాలుగు అంగుళాల పొడి రంపపు పొట్టు కావాలి. ఒక పక్క 32 డిగ్రీల వేడి, ఇంకో పక్క 24 డిగ్రీల చల్లదనం ఉండాలి. వేడి హద్దు దాటకుండా థర్మోస్టాట్ పెట్టాలి. పెద్దదానికి వారానికో పది రోజులకో ఒకసారి తిండి. మంచిగా చూసుకుంటే పదిహేను, ఇరవై ఏళ్లు బతుకుతుంది. మావాడు ఇంటర్ నుంచి పెళ్లయ్యి, వాడి పిల్లలు బడికి పోయే దాకా అన్నమాట.

అడవిలో పట్టింది కాకుండా, పెంపకంలో పుట్టి ఎలుకలు తినడం మరిగిన పడమటి రకం మగది అయితే డల్లాస్‌లో ఉన్నవాడికి మంచి ఎంపికే. మా అల్లుడు తెచ్చుకున్నది అదే. కాకపోతే దానికి విషమే లేదని వాడు అన్న మాట తప్పు. వెనక పళ్ల దగ్గర తేలికపాటి విషం ఉంటుంది. సాధారణంగా కరవదు. కరిచి వదలకుండా నమిలితే మాత్రం చెయ్యి వాచి, కమిలి, బొబ్బలు వస్తాయి. ప్లేట్‌లెట్లు పడిపోయిన సందర్భం కూడా డాక్టర్లు రాశారు. ఎలుక వాసన ఉన్న చేతితో పామును తీయొద్దని వాడికి గట్టిగా చెప్పాను.

అదే పామును దేవరకొండలో పెట్టి చూద్దాం. డల్లాస్‌లో పెట్టెకు వేడి ఇవ్వడానికి కరెంటు కావాలి. మన దగ్గర మే నెలలో 44, 45 డిగ్రీల ఎండలో దాన్ని చల్లగా ఉంచడానికి కరెంటు కావాలి. మధ్యాహ్నం రెండు గంటలు కరెంటు పోతే మనం వేపచెట్టు కిందికి పోతాం, గాజు పెట్టెలో ఉన్నది ఎక్కడికి పోతుంది? ఇక గడ్డకట్టించిన ఎలుక పిల్లలు ఏ దుకాణంలో అడగాలి? పొలంలో పట్టిన ఎలుకను పెడదామంటే అది ఏ మందు తిని ఉందో తెలియదు. జబ్బు చేస్తే చూపిద్దామంటే మన పశువుల ఆసుపత్రిలో ఉండేది గొర్రెలకు, బర్రెలకు వైద్యం తెలిసిన డాక్టర్. పామును తెచ్చి బల్ల మీద పెడితే ఆయన మాత్రం ఏం చేస్తాడు? పైగా విదేశీ పామును దేశంలోకి తేవాలంటే అనుమతులు ఉండాలి. కాగితం చూపించని వాడి దగ్గర కొంటే రేపు జవాబు చెప్పాల్సింది మనమే.

రెండో దారికి నేను ఎక్కువ సేపు ఇవ్వను. మన పాములకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది. పట్టి ఇంట్లో పెట్టుకుంటే కేసే. రెండు తలల పాము అని మనం పిలిచే ఎర్ర సాండ్ బోవాను అదృష్టమనీ, మందులకు పనికొస్తుందనీ లక్షలకు అమ్ముతామని తిరిగే ముఠాల కథ అందరికీ తెలిసిందే. దానికి ఉన్నది ఒకటే తల. తోక మొద్దుగా ఉంటుంది, అంతే. ఆ తోక తలలా కనపడాలని వాత పెట్టేవాళ్లు కూడా ఉన్నారు. చీమకు కూడా హాని చేయని జీవిని అట్లా హింసించడం తలుచుకుంటేనే కడుపులో దేవినట్టు అవుతుంది.

నన్ను అన్నిటికన్నా భయపెట్టింది చట్టమూ కాదు, ఎండా కాదు. అల్లుడి చేతిలో ఉన్న పాము పడగలా మెడ విప్పి, బుస కొట్టి, తల విసిరి, ఏమీ చేయదు. ఇంకా బెదిరిస్తే వెల్లకిలా పడి, నాలుక బయటపెట్టి, చచ్చినట్టు నటిస్తుంది. తిప్పి బోర్లా వేస్తే మళ్లీ వెల్లకిలా తిరుగుతుంది. పదిహేడేళ్ల పిల్లవాడు రోజూ దాన్ని చూసి, ముట్టి, నవ్వుకుంటే వాడి చేతికి ఏం అలవాటవుతుంది? బుస అంటే బెదిరింపు మాత్రమే, దగ్గరికి పోయినా ఏం కాదు అని. మా బావి దగ్గర పడగ విప్పేది నాగుపాము. చెలకలో కుక్కర్ విజిల్ లాగా బుస కొట్టేది రక్తపింజర. అక్కడ అరక్షణం ధైర్యం చేసినా ప్రాణం మీదికి వస్తుంది.

నా చిన్నప్పుడు మా నాయిన దీనికి ఉల్టా తప్పు చేశాడు. కుప్ప కింద మచ్చల పాము కనపడితే పింజర అని కొట్టి చంపాడు. ఇప్పుడు ఫోటోలు చూస్తే తెలుస్తోంది, అది మచ్చల సాండ్ బోవా. రక్తపింజరకు వీపు మీద గొలుసులా మూడు వరుసల్లో గుండ్రటి మచ్చలు ఉంటాయి. తల మూడు మూలలుగా, మెడ కన్నా వెడల్పుగా కనిపిస్తుంది. తోక సన్నబడుతూ పోతుంది. సాండ్ బోవాకు మచ్చలు ఒకదానితో ఒకటి అతుక్కొని వంకరటింకరగా ఉంటాయి, తలకూ మెడకూ తేడా తెలియదు, తోక పొట్టిగా మొద్దుగా ఉంటుంది. కట్లపాముకూ, తోడేలు పాము అనే విషంలేని దానికీ ఇట్లాగే పొరపడతారు. కట్లపాము తెల్ల పట్టీలు తల నుంచి కొంత దూరం తర్వాత మొదలై తోక వైపు స్పష్టంగా ఉంటాయి. తోడేలు పాము పట్టీలు మెడ దగ్గరే మొదలై తోక వైపు మసకబారతాయి. ఈ గుర్తులన్నీ పది అడుగుల దూరం నుంచి చూడడానికే. పట్టుకొని చూడడానికి కాదు. మన ఆసుపత్రుల్లో ఇచ్చే విషం విరుగుడు ఇంజెక్షన్ నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర ఈ నాలుగింటికీ పనిచేస్తుంది. ఏది కరిచిందో తెలియకపోయినా కట్లు కట్టడం, కోయడం లాంటివి చేయకుండా తిన్నగా సర్కారు దవాఖానకు పోవాలి.

చివరికి మేము మూడో దారే పట్టాం. బత్తాయి చెట్ల కింద ఎలుకలు డ్రిప్ పైపులు కొరికి మాకు ఏటా ఖర్చు పెడతాయి. వాటిని తినేది జెర్రిపోతు. అది నాగుపాముతో జత కడుతుందని మా ఊళ్లో ఇప్పటికీ నమ్ముతారు, అందుకే కనపడితే కర్ర తీస్తారు. పెనవేసుకొని లేచేవి నిజానికి రెండు మగ జెర్రిపోతులు, బలం చూసుకుంటాయి. ఈ మాట కూలీలకు అర్థమయ్యేలా చెప్పే పని మా చిన్నోడు తీసుకున్నాడు. రాత్రి మోటారు వేయడానికి పోతే టార్చి, బూట్లు తప్పనిసరి అని వాడే ఇప్పుడు నాకు గుర్తు చేస్తాడు. హాగ్‌నోజ్ కొనడానికి దాచుకున్న పైసల్లోంచి ఒక మంచి టార్చి కొన్నాడు. సెలవుల్లో నెహ్రూ జూ పార్కులో పాముల గదికి కూడా పోయి వచ్చాం.

మొన్న సంక్రాంతి ముందు డ్రిప్ లైను పక్కన ఏడడుగుల కుబుసం కనపడింది. కుబుసం సాగి పాము కన్నా పొడుగవుతుంది కాబట్టి అసలు పాము అంత ఉండదని వాడు చెప్పాడు. వీపు మధ్య వరుసలో పొలుసులు పెద్దవిగా, ఆరు మూలలుగా ఉన్నాయేమో అని వంగి చూశాడు. అట్లా ఉంటే కట్లపాము. లేవు. ఫోటో తీసి డల్లాస్‌కు పంపి, కుబుసాన్ని అక్కడే వదిలేసి వచ్చాడు.