బిజోన్ ఫ్యుతే: ఫ్రాన్స్‌లో వేసవిలో కారు తీసే ముందు ఇది చూడండి

జూలై, ఆగస్టుల్లో ఫ్రాన్స్‌లో కారేసుకుని దక్షిణం వైపు వెళ్లాలనుకునే మనవాళ్లు ఇల్లు బుక్ చేయకముందే బిజోన్ ఫ్యుతే క్యాలెండర్ చూడాలి. ప్రభుత్వం నడిపే ట్రాఫిక్ సేవ ఇది, ఉచితం. రద్దీ రోజులకు రంగులిస్తారు. ఆకుపచ్చయితే మామూలే, ఆరెంజ్ కష్టం, ఎరుపు చాలా కష్టం, నలుపైతే ఆ రోజు రోడ్డెక్కకపోవడమే మంచిది. వెళ్లడానికీ తిరిగి రావడానికీ రంగులు వేరుగా ఉంటాయి, ప్రాంతాన్ని బట్టి కూడా మారతాయి.

1975 ఆగస్టు మొదటి శనివారం వందల కిలోమీటర్ల మేర కార్లు నిలిచిపోయాయి, ఆ మరుసటి ఏడాదే ఈ సేవ మొదలైంది. అది మరీ ఘోరమైన కాలం, 1972లో అక్కడి రోడ్ల మీద 16 వేల మందికి పైగా పోయారు. 1982 జూలై 31న అర్ధరాత్రి దాటాక, వానలో, సెలవుల రద్దీలో, బోన్ ఊరి దగ్గర ఎ6 హైవే మీద జరిగిన బస్సు ప్రమాదంలో 53 మంది చనిపోతే వాళ్లలో 44 మంది పిల్లలే. వేసవిలో బాగా రద్దీగా ఉండే రోజున పిల్లల్ని గుంపుగా బస్సుల్లో దూరం తీసుకెళ్లకూడదన్న నిషేధం ఆ తర్వాత వచ్చిందే, ఇప్పటికీ ఏటా దానికి తేదీ ప్రకటిస్తారు. ఇది చదివాక నల్ల శనివారం అంటే నాకు ట్రాఫిక్ జామ్ ఒక్కటే గుర్తురావడం లేదు.

లోటు కూడా చెప్పాలి. రంగు చెప్పేది రద్దీ గురించే, ప్రమాదం గురించి కాదు. ఆకుపచ్చ రోజున రోడ్డు ఖాళీగా ఉందని 130లో నిద్రమత్తుతో నడిపితే ఏ క్యాలెండరూ కాపాడదు. ఇక జామ్‌లో అసలు భయమంతా వరుస చివర్లో ఉంటుంది, ముందు కార్లు ఆగిపోయాయని వెనక వేగంగా వచ్చేవాడికి తెలియదు కదా, అందుకే ఆగుతూనే హజార్డ్ లైట్లు వేయాలి. ఇలాంటివి ఆ రంగుల పక్కనే పెద్దక్షరాల్లో రాయాలని నా గట్టి కోరిక.

అద్దె ఇళ్లు చాలావరకు శనివారం నుంచి శనివారానికే ఇస్తారు, అందరూ ఒకే రోజు రోడ్డు మీదికొచ్చేది అందుకే. ఓనర్‌ని అడిగితే కొందరు ఆదివారమో వారం మధ్యలోనో ఒప్పుకుంటారు. శనివారం తప్పదంటే ముందు బిజోన్ ఫ్యుతే బులెటిన్ చదవండి, ఎ7 లాంటి హైవేల్లో ఏ గంటల్లో వెళ్లకూడదో అందులో రాస్తారు.